జే సిల్వర్‌హీల్స్: వెస్ట్రన్ తెరపై మొహాక్ నటుడు

హాలీవుడ్ వెస్ట్రన్ చిత్రాలు వెలుగొందిన కాలంలో అమెరికా ఇంటింటికీ పరిచితుడైన మూలవాసి నటుడు జే సిల్వర్‌హీల్స్. ఆయన అసలు పేరు హెరాల్డ్ స్మిత్. 1912 మే 26న కెనడాలోని ఒంటారియోలో, సిక్స్ నేషన్స్ ఆవాస ప్రాంతంలో, మొహాక్ తెగకు చెందిన కుటుంబంలో జన్మించారు.

తొలుత ఆయన లక్రాస్ క్రీడాకారునిగా పేరు పొందారు. వల అమర్చిన కర్రతో బంతిని పట్టి విసిరే ఈ ఆట ఉత్తర అమెరికా మూలవాసుల నుంచి వచ్చినదే. ‘వెండి మడమలు’ అనే అర్థమిచ్చే సిల్వర్‌హీల్స్ అన్న పేరు కూడా ఆ మైదానం ఇచ్చినదే. హాస్యనటుడు జో ఇ. బ్రౌన్ ప్రోత్సాహంతో చిత్రరంగంలో ప్రవేశించి, కొన్నేళ్లపాటు గుంపు సన్నివేశాలలోనూ, సాహస కృత్యాలలోనూ పనిచేశారు.

‘ది లోన్ రేంజర్’ 1933లో డెట్రాయిట్ రేడియోలో మొదలైన ధారావాహిక. అందులో ముసుగు వీరుని సహచరుడైన టోంటోకు గళమిచ్చినది ఒక శ్వేతజాతి నటుడు. 1949లో అది టెలివిజన్‌కు వచ్చినప్పుడు ఆ పాత్ర సిల్వర్‌హీల్స్‌కు లభించింది. 1957 వరకు 221 భాగాలు ప్రసారమయ్యాయి. క్లేటన్ మూర్ అత్యధిక భాగాలలో కథానాయకుడు.

ఈ కీర్తికి మరో పార్శ్వమూ ఉంది. టోంటో ధైర్యశాలి, విశ్వాసపాత్రుడు. అయినా అతనికి రాసిన సంభాషణలు వ్యాకరణం లేని ముక్కల ఆంగ్లం. ఆ పాత్ర మూలవాసులను తక్కువ చేసి చూపిందన్న విమర్శ నేటికీ ఉంది. 1950 నాటి ‘బ్రోకెన్ యారో’లో సిల్వర్‌హీల్స్ జెరోనిమోగా నటించారు. అదే చిత్రంలో మరింత ప్రధానమైన అపాచీ నాయకుడు కొచీస్ పాత్ర మాత్రం శ్వేతజాతీయుడైన జెఫ్ చాండ్లర్‌కు దక్కింది. ఆస్కార్ నామినేషనూ ఆయనకే లభించింది. మూలవాసుల పాత్రలను ఇతరులు రంగు పూసుకుని పోషించడం ఆనాటి స్టూడియోల రివాజు.

తగిన శిక్షణ పొందిన మూలవాసి నటులు లేరన్న సాకుకు సిల్వర్‌హీల్స్ ఆచరణతోనే జవాబిచ్చారు. 1960వ దశకంలో లాస్ ఏంజిలెస్‌లో ‘ఇండియన్ యాక్టర్స్ వర్క్‌షాప్’ స్థాపనకు పూనుకుని, యువతీయువకులకు నటనలో శిక్షణ అందించారు.

1979లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌పై ఆయన పేరిట నక్షత్రం వెలసింది. 1980 మార్చి 5న, 67వ ఏట, కాలిఫోర్నియాలో కన్నుమూశారు. 1997లో కెనడా లక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు స్థానం కల్పించి, తొలినాటి క్రీడాకారుణ్ని గౌరవించింది.