ఏమార్చి పోయినాడు

“కూతకొచ్చి, ఎడమకు చూపించి, ఏమార్చి పోయినాడప్పా!” నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కబడ్డీ బరి పక్కన వినిపించే మెప్పు ఇలాంటిది. మాట మాటా విప్పి చూద్దాం.

కూతకొచ్చి: ‘కబడ్డీ’ అంటూ గుక్క తిప్పుకోకుండా ఎదుటి సగంలోకి రావడం. ఇప్పటి నిబంధనల ప్రకారం కూతకు 30 సెకన్లు. ఎదురుగా ఏడుగురు దాకా ఉంటారు.

చూపించి: ఏం చూపించి? కాలు, భుజం, ఒక్కోసారి కంటిచూపు. కూతగాడు కాలు చాస్తే మూలలో ఉన్నవాడు చీలమండ పట్టడానికి వంగుతాడు. ఆ వంగడమే కూతగాడికి కావాలి. కాలు ముందుకెళ్లినా ఒంటి బరువు రెండో కాలి మీదే ఉండాలి. బరువు కూడా వెళ్లిందా, ఇక దొరికినట్టే.

ఏమార్చి: అసలు కీలకం ఇక్కడుంది. ఏమరు (పాత రాతలో ఏమఱు) అంటే జాగ్రత్త తప్పడం. ఏమరుపాటు అందులోంచి వచ్చిందే. ఎదుటివాడు ఏమరేలా చేయడం ఏమార్చడం. తమిళంలో ఏమాట్రు, కన్నడంలో ఏమారిసు దీని చుట్టాలే. దీన్ని మోసగించడం అని సరిపెట్టుకుంటే నేనొప్పుకోను. మోసంలో నిబంధన తప్పుతుంది, ఇక్కడ తప్పేది ఎదుటివాడి జాగ్రత్త. అంగట్లో ‘ఏమార్చినాడు’ తిట్టు, బరిలో అదే మాట కిరీటం.

కెనడా, అమెరికా ఐస్ హాకీలో ఈ పనిని ‘డీక్’ అంటారు. అది ఎర అనే అర్థమున్న ‘డెకాయ్’కు పొట్టిరూపం. డెకాయ్ బహుశా బాతులను పట్టే బోనుకు డచ్చివాళ్లు వాడిన మాటలోంచి వచ్చింది. డీక్ ఎర వైపు నుంచి పుట్టింది, మనది ఏమరిన మనసు వైపు నుంచి. ఆటకు మనదే దగ్గర.

‘ఝలక్ ఇచ్చినాడు’ అనేవాళ్లూ ఉన్నారు. హిందీలో ఝలక్ అంటే లిప్తపాటు కనిపించడం, మన నోట అది అనుకోని దెబ్బ అయింది. కూతగాడు పర్‌దీప్ నర్వాల్ పేరు మోగించిన డుబ్కీ మాత్రం వేరు. అది చేతుల గొలుసు కింద మునిగి తప్పించుకోవడం.

పోయినాడు: రాయలసీమ పలుకు, ఇక్కడ తన సగానికి తిరిగి పోవడం. ఎంత ఏమార్చి తాకినా, తిరిగి తన సగానికి చేరకపోతే ఆ తాకిడికి పాయింటు లేదు.

ప్రో కబడ్డీ 2014లో మొదలైంది, తెలుగు వ్యాఖ్యానమూ వస్తోంది. వ్యాఖ్యాతలారా, ‘ఫేక్ చేశాడు’ మానేసి ‘ఏమార్చాడు’ అనండి.