కోరంటి నుండి ఆరోగ్య సేతు దాకా



హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని మా నల్లగొండ, పాలమూరు జిల్లాల పెద్దలు ఇప్పటికీ "కోరంటి దవాఖాన" అనే అంటారు. పండిత శిక్షణలో ఉన్న రోజులలో ఈ మాటకు వ్యుత్పత్తి వెదకబోయి నేను భంగపడ్డాను. కోరంట అనే పూలమొక్కతో దీనికేదో సంబంధం ఉన్నదని భ్రమించాను. తరువాత తెలిసింది, అది క్వారంటైన్ అనే ఆంగ్లపదానికి మన జనం నాలుకపై కలిగిన రూపమని. ఆ పదానికి మూలం ఇటలీ దేశపు భాషలోని నలభై అనే సంఖ్య. మహమ్మారి భయంతో రేవుకు వచ్చిన ఓడలను నలభై దినాలు దూరంగా నిలిపే వెనిస్ నగరపు ఆచారం నుండి పుట్టిన మాట, కొన్ని వందల యేండ్లకు మా అవ్వల నోట కోరంటి అయి కూర్చున్నది.

2020లో ప్రభుత్వం మనకు మరొక మాట ఇచ్చింది. అది ఆరోగ్య సేతు. ఈసారి వ్యుత్పత్తికి కష్టపడనక్కర లేదు. సేతువనగా వంతెన. అయితే వంతెనకు రెండు ఒడ్లు ఉండవలె. ఒక ఒడ్డున ప్రజ, ఆవలి ఒడ్డున ప్రభుత్వం. ప్రజ తన సంగతులను ఆవలికి పంపింది. ఆవలి నుండి ఈవలికి ఏమి వచ్చింది? ఈ ప్రశ్న 2020లో పుట్టినది కాదు.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 4న ఆంగ్ల ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. నాలుగే సెక్షన్లు గల చిన్న చట్టమది. ప్రయాణికులను తనిఖీ చేయవచ్చును, అనుమానం కలిగినవారిని వేరుచేయవచ్చును, అవసరమనుకొన్న ఏ కట్టడినైనా విధించవచ్చును. సద్బుద్ధితో పనిచేసిన అధికారిపై దావా వేయరాదని చివరి సెక్షను. రోగికి ప్రభుత్వం ఏమి బాకీ పడుతుందో చెప్పే వాక్యం మాత్రం అందులో ఒక్కటీ లేదు. పుణె నగరంలో సైనికులు ఇండ్లలోకి చొరబడి సోదాలు చేసిన తీరుకు జనం ఎంతగా రగిలిపోయారో, ఆ జూన్ 22న ప్లేగు అధికారి రాండ్ పై చాపేకర్ సోదరులు జరిపిన కాల్పులే చెబుతాయి.

మద్రాసు రాజధానిలో "ప్లేగు పాసుపోర్టు" అనే పద్ధతి వచ్చింది. ప్లేగు ఉన్న ప్రాంతం నుండి వచ్చి రైలు దిగినవాని పేరు, చేరబోయే చోటు వ్రాసుకొని ఒక చీటీ చేతికిచ్చేవారు. అతడు నిర్ణీత దినాలపాటు అధికారి ఎదుట హాజరై తనకు జ్వరం లేదని చూపించుకోవలె. నీవు ఎవరవు, ఎక్కడి నుండి వచ్చినావు, ఎక్కడ ఉంటావు - నేటి ఫోను అడిగే ప్రశ్నలన్నీ ఆ చీటీలోనే ఉన్నాయి.

అదే 1897లో ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. నల్లకుంట ఆసుపత్రికి నేడు ఆయన పేరే ఉన్నది. కానీ జనం నోట ఆ మహానుభావుని పేరు నిలువలేదు. తమను అందరి నుండి వేరుచేసి ఉంచిన పనియే పేరై నిలిచింది.

మా ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండెను గనుక ఆంగ్లేయుల చట్టం నేరుగా వర్తించలేదు. రోగం మాత్రం సరిహద్దులు ఎరుగదు గదా! 1911లో హైదరాబాదు నగరంలో ప్లేగు ప్రబలింది. మరుసటి యేడు నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలను చక్కదిద్దే పని మొదలైంది. ఇక పల్లెల సంగతి మా నాయనమ్మ చెప్పగా విన్నాను. ఇంట్లో ఎలుకలు రాలిపడితే ఊరంతా తట్టాబుట్టా సర్దుకొని చెలకల్లో గుడిసెలు వేసుకొనేవారట. "ఎలుకలు పడ్డ యేడు" అనేదే ఆమెకు పంచాంగం. ఏ తాఖీదూ రాకమునుపే జనం తమంతట తాము దూరం పాటించారు. ఎందుకంటే ఎవరి క్షేమం కోసం కదులుతున్నారో వారికి తెలుసు.

1918లో విషజ్వరం వచ్చింది. ప్రపంచమంతా ఇన్‌ఫ్లూయెంజా అన్నది దానినే. ఆ యేడే కరువు కూడా తోడైంది. 1911లో సుమారు 1 కోటీ 33 లక్షలున్న హైదరాబాదు రాజ్యపు జనాభా 1921 లెక్కలలో 1 కోటీ 24 లక్షలకు పడిపోయింది. ఊరిలో జననమరణాలు వ్రాయవలసినవాడు పోలీసు పటేలు. ఆ పటేలే మంచం పట్టిన ఊళ్లలో చావులను ఎవరు వ్రాసి ఉంటారు? అందుకే ఆ చనిపోయినవారు మనకు పేర్లుగా మిగలలేదు, రెండు జనగణనల నడుమ తరుగుగా మాత్రమే మిగిలారు.

ఇక మన కాలానికి వద్దాం. తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న తేలింది. అదే నెల 22న రాష్ట్రం లాక్‌డౌన్ ప్రకటించింది. 25 నుండి దేశమంతా మూతపడింది. ఇందుకు ఆధారమైనవి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమూ, ఆ పాత 1897 చట్టమూను. నూట ఇరవై మూడేండ్ల తరువాత కూడా అదే కాగితం దుమ్ము దులిపి తీయవలసి వచ్చింది.

ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు విడుదలైంది. పేరు, ఫోను నంబరు, వయసు, వృత్తి వ్రాసి, బ్లూటూత్, జీపీఎస్ తెరచి ఉంచితే, దగ్గరగా వచ్చిన ఫోన్లు ఒకదానినొకటి గుర్తు పెట్టుకొంటాయి. ఒకరికి రోగం తేలితే తక్కినవారికి హెచ్చరిక వస్తుంది. ఆలోచన మంచిదే. కానీ మే 1న కేంద్ర హోం శాఖ ఉద్యోగులందరికీ ఇది తప్పనిసరి అన్నది. పౌరుల వివరాలు ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరికి ఇవ్వాలి అనే నియమావళి మే 11న గాని రాలేదు. ముందు కట్టడి, ఆ తరువాత హామీ! మే 17 నాటికి 'తప్పనిసరి' అన్నది 'వీలైనంత వరకు' అని మెత్తబడింది.

మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో భాగమైన సూర్యాపేటలో ఆ ఏప్రిల్‌లోనే కేసులు ఎనభై దాటాయి. అక్కడి మార్కెట్టు నుండి ఎవరు ఎవరింటికి పోయారన్న గొలుసును పట్టుకొన్నది ఫోను కాదు. ఇంటింటికీ తిరిగి అడిగిన ఆరోగ్య సిబ్బంది, పోలీసులు, ఆశా కార్యకర్తలు. అష్టాచెమ్మా ఆట వలన ముప్పై మందికి పైగా రోగం సోకిందని పత్రికలు వ్రాశాయి. గడప మీద కూర్చొని ఆడుకొన్న ఆట సంగతి అడిగితేనే తెలుస్తుంది. అయితే అలా తెలిసినది పత్రికకెక్కగానే, పాపం, రోగి కాస్తా దోషి అయిపోయింది. అడిగి తెలుసుకొన్నదానిని దాచవలసిన బాధ్యత కూడా ఉన్నదని మనకప్పుడు తట్టలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. మా ఊరు దేవరకొండ ప్రాంతం, పాలమూరు జిల్లాకు పొరుగు. బొంబాయి, పుణె, భీవండి వలసలు మాకు తరతరాలవి. మే నెలలో ఆ వలసకూలీలు తిరిగి రాసాగారు. వారిలో నా పూర్వ విద్యార్థి ఒకడు. ఆశా కార్యకర్త వాని పేరు పుస్తకంలో వ్రాసుకొన్నది. చేతిపై ముద్ర వేశారు. నేను పాఠం చెప్పిన బడిగదిలోనే పద్నాలుగు రోజులుంచారు. జ్వరం రాలేదు, ఇంటికి పంపారు.

మరునాడు వాడు మా ఇంటి ముందరి బోరింగు వద్దకు బిందెతో వచ్చాడు. నేను అరుగు మీద నుండి "ఇప్పుడే వద్దురా, అందరూ పట్టుకొన్నాక రా" అన్నాను. అప్పుడు నా చేతిలోని ఫోను 'మీరు సురక్షితం' అని పచ్చగా చూపుతున్నది. వాడు చిన్నప్పటివలెనే చేతులు కట్టుకొని నిలబడి, "సారూ, నా తాన అసుంటి ఫోను లేదు. ఫోను లేకుంటె మనిషి కానట్టేనా?" అన్నాడు. ఖాళీ బిందెతో వెళ్లిపోయాడు.

పాత ఫోనులున్న వారి కోసం 1921 అనే నంబరు అప్పటికే పెట్టారు. వానికి తెలియదు. నాకు తెలుసు, చెప్పలేదు. వాడు పద్నాలుగు రోజులు పరీక్షకు నిలిచినవాడు. నేను ఏ పరీక్షా లేనివాడను. నా ఫోను చుట్టుపక్కల మరొక స్మార్టుఫోను లేదు గనుక అది పచ్చగా ఉన్నది, అంతే! ఆ పచ్చదనాన్ని నేను ఆరోగ్యమనుకొన్నాను. వారం తరువాత వాని ఇంటికి పోయి తప్పు ఒప్పుకొన్నాను. "పోనీయుండ్రి సారూ" అన్నాడు. కానీ పోలేదు, ఇప్పటికీ నాలో ఉన్నది.

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 2020లోనే తెలంగాణ హైకోర్టు పరీక్షలు చాలినన్ని చేయడం లేదనీ, ప్రజలకు సమాచారం సరిగా ఇవ్వడం లేదనీ రాష్ట్ర ప్రభుత్వాన్ని పలుమార్లు మందలించింది. ఆ అక్టోబరులో, ఆరోగ్య సేతును తయారుచేసినది ఎవరన్న పౌరుని ప్రశ్నకు సూటి జవాబు రాలేదని కేంద్ర సమాచార కమిషన్ అధికారులకు నోటీసు ఇచ్చింది. 2021 జనవరిలో కర్ణాటక హైకోర్టు, వినియోగదారుల ఎరుకతో కూడిన అంగీకారం లేనిదే వివరాలను ఇతర శాఖలకు ఇవ్వరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2022 మే నెలలో ఆ నియమావళి ముగిసింది. సేకరించిన కాంటాక్టుల వివరాలు తొలగించామని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

ఈ యంత్రం వలన మేలే జరుగలేదని నేననను. అయినా 2021 మే నెలలో రెండవ అల ఉప్పొంగినప్పుడు మా పల్లెలను ఆదుకొన్నది ఇంటింటి జ్వర సర్వే. ఆశా కార్యకర్త గడప ముందు నిలబడి "ఎవరికైనా జ్వరమున్నదా?" అని అడిగి, ఉన్నదంటే మందుల సంచీ చేతిలో పెట్టేది. మాకు దొరికిన సేతువు అది. ఈవలి నుండి మాట పోయింది, ఆవలి నుండి మందు వచ్చింది. జ్వరాన్ని దాచుకొన్న ఇండ్లు కూడా మందు చూసి తలుపు తెరిచాయి.

ప్లేగు చీటీ అయినా, ఫోను అయినా, పుస్తకం అయినా, పేరు వ్రాసుకొన్న చేతికి పేరు చెప్పినవానిపై బాధ్యత ఉండవలె. చట్టంలో ఆ వాక్యం వ్రాయడానికి మళ్లీ మహమ్మారి వచ్చేదాకా ఆగనక్కరలేదు. 2020లో ఆ పాత చట్టాన్ని సవరించి, వైద్య సిబ్బందిపై దాడి చేసినవారికి కఠిన శిక్షలు చేర్చారు. అది న్యాయమే. రోగికి చెందవలసిన వాక్యం ఇంకా బాకీ ఉన్నది.

మీ ఊళ్లలో పెద్దలు చెప్పిన గత్తర కథలు, ప్లేగు కథలు ఉంటే దయచేసి వ్రాయండి. ఆ తరం దాదాపుగా వెళ్లిపోయింది. విన్నవారమైనా వ్రాసిపెట్టకపోతే, వారు తరుగు లెక్కలోనే మిగిలిపోతారు.

సెలవు.