వాగు లేని రేవు

తెరచాప పడవల్లో అట్లాంటిక్ దాటేవాళ్లకు కేప్ వర్దె దీవుల్లోని మా మిందేలో రేవు ఇప్పుడు పేరున్న మజిలీ. కానరీ దీవుల నుంచి ఈశాన్య పవనాల ఊతంతో దిగి వచ్చి, ఇక్కడ నీళ్లూ సరుకులూ నింపుకొని కరీబియన్ వైపు సాగిపోతారు. ఈ సందడి చూసినవాళ్లు ఊరు తెరచాపల కాలంలోనే పుట్టి ఉంటుందనుకోవడం సహజం. నిజం అందుకు తలకిందులు: తెరచాప ఓడలు సముద్రాన్ని ఏలినంతకాలం మిందేలో ఉన్న సావో విసెంటె దీవిలో చెప్పుకోదగ్గ ఊరన్నదే లేదు.

పోర్చుగీసువాళ్లు ఈ దీవిని 1462లో చూశారు. అగ్నిపర్వత బిలం సముద్రంలో మునిగి ఏర్పడిన మా పోర్తో గ్రాందే అఖాతానికి సాటి వచ్చే సహజ రేవు కేప్ వర్దెలో లేదు. అయినా మూడు శతాబ్దాలకు పైగా ఇక్కడ ఎవరూ నిలదొక్కుకోలేదు. వాగు లేదు, వాన అరుదు. తెరచాప ఓడ గాలితోనే నడుస్తుంది కాబట్టి దానికి రేవులో కావలసింది పీపాల నిండా మంచినీళ్లు, తాజా తిండి. అవి సాంతియాగో దీవిలో దొరికాయి. పట్నమూ అక్కడే లేచింది. ఆవిరి ఓడ అడిగింది బొగ్గు. అది ఎలాగూ బ్రిటన్ నుంచి రావలసిందే; కుప్ప పోయడానికి నేల, లంగరు వేయడానికి లోతైన నీరు ఉంటే చాలు. 1838లో ఇంగ్లీషువాళ్ల బొగ్గు నిల్వ వెలిసింది, 1874లో సముద్రగర్భ తంతి తీగ వచ్చింది, 1879కి నగర హోదా. తాగే నీళ్లు మాత్రం ఎదురుగా ఉన్న సాంతో అంతావో దీవి నుంచి పడవల్లో వచ్చేవి!

1624లో బ్రెజిల్‌లోని బయియా మీదికి వెళ్లిన డచ్చి నౌకాదళం మా అఖాతంలోనే కూడింది కదా అనవచ్చు. కూడింది, వెళ్లిపోయింది, విడిది వేరు, కాపురం వేరు. మాయో దీవీ ఎండిన నేలే, అక్కడికి తెరచాప ఓడలు వరసగా రాలేదా అన్న ప్రశ్న ఇంకాస్త గట్టిది. కానీ అవి వచ్చింది ఉప్పు కోసం. మా దగ్గర అమ్మడానికి అలాంటి సరుకూ లేదు. ఓడలు బొగ్గు మాని చమురుకు మారి, దకార్, లాస్ పాల్మాస్ రేవులు పోటీకి వచ్చాక ఏమైందో చూస్తే ఈ వాదం మరింత తేటపడుతుంది. పొలం ఉన్న ఊరికైతే రేవు దెబ్బతింటే ఒక ఆదాయమే పోతుంది. మాకు కూడే పోయింది. 1934లో ఆకలితో జనం వీధికెక్కారు.

ఇవాళ తెరచాప పడవ ఇక్కడ నింపుకొనేది ఆనాడు దొరకని నీరే. 1970ల తొలినాళ్ల నుంచి సముద్రపు నీళ్లను యంత్రాలతో మంచినీళ్లు చేసుకుంటున్నాం. ఆ యంత్రాలకు కరెంటు కావాలి, కరెంటుకు చాలామటుకు ఓడలో వచ్చే చమురు కావాలి.