మోచేతి నొప్పికి టెన్నిస్ పేరెందుకు వచ్చింది?

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు సాగే రైలుమార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరుసగా వస్తాయి. మొదటి ఊరు పట్టుగూళ్ళ బజారుకు, రెండవది విజయనగర రాజుల కోటకు, మూడవది పట్టుచీరలకు పేరుపొందినవి. 2022లో ఈ మూడూ అనంతపురం జిల్లా నుంచి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. ఈ సీమలో టెన్నిస్ కోర్టులకన్న మగ్గాలే ఎక్కువ. అయినా టెన్నిస్ పేరు తగిలించుకున్న ఒక బాధ చరిత్రను ఇక్కడ నిలబడి చూస్తేనే దాని అసలు స్వరూపం తెలుస్తుందని నా అభిప్రాయం. ఆ బాధ పేరు టెన్నిస్ ఎల్బో.

ముందుగా పేరు పుట్టిన కథ. 1873లో రుంగే అనే జర్మను వైద్యుడు మోచేతి బయటివైపు వచ్చే ఈ నొప్పిని మొదటిసారి వైద్యగ్రంథాలకు ఎక్కించాడు. ఆయన దాన్ని గమనించింది ఆటగాళ్ళలో కాదు, రాతపని చేసేవారిలో! మరుసటి ఏడు, 1874లో, వాల్టర్ వింగ్‌ఫీల్డ్ అనే బ్రిటిషు సైనికాధికారి లాన్ టెన్నిస్‌కు పేటెంటు పొందాడు. 1877లో వింబుల్డన్ పోటీలు మొదలయ్యాయి. ఇంగ్లండులో కలిగినవారి ఇళ్ళ పచ్చికబయళ్ళన్నీ ఆటస్థలాలైపోయాయి. 1882లో హెన్రీ మారిస్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో 'లాన్ టెన్నిస్ చేయి' గురించి ప్రస్తావించాడు. 1883లో మేజర్ అనే మరొక వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 'లాన్ టెన్నిస్ మోచేయి' అన్నాడు. పేటెంటు పుట్టిన తొమ్మిదేళ్ళకే జబ్బు పేరు స్థిరపడిపోయింది.

నిజానికి ఈ నొప్పితో వైద్యుల దగ్గరకు వెళ్ళేవారిలో టెన్నిస్ ఆడేవారు కొద్దిమందే. ఎక్కువగా ముప్పైఐదు, యాభైయేళ్ళ మధ్య వయసున్న వడ్రంగులు, వంటవారు, ఇంటిపని చేసే స్త్రీలు, రోజంతా మౌసు పట్టుకొనేవారు కనబడతారు. కాని ఆనాడు వైద్యుణ్ణి ఇంటికి పిలిపించుకోగలిగినవాడి నొప్పికే పేరు దక్కింది. తక్కినవారి నొప్పి పనిలో భాగమైపోయింది.

ఇంతకూ లోపల జరిగేదేమిటి? మణికట్టును వెనక్కు వంచే కండరాలు ముంజేతి వెనుకభాగంలో ఉంటాయి. అవి మోచేతి బయటివైపున్న ఎముక బుడిపెకు స్నాయువుల ద్వారా అతుక్కొని ఉంటాయి. దేనినైనా గట్టిగా పట్టుకొన్నప్పుడు మణికట్టు ముందుకు వాలిపోకుండా నిలబెట్టేవి ఈ కండరాలే. అందుకే పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ బుడిపె దగ్గర లాగుడు పడుతుంది. చాలాకాలం దీన్ని వాపు అనుకొన్నారు. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే అమెరికను వైద్యులు శస్త్రచికిత్సలో తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించిన ఫలితాలు ప్రకటించారు. వాపు లక్షణాలకు బదులు చిరిగి, సరిగా అతుక్కోక, కట్టుతప్పిన పోగులు కనబడ్డాయి. నేతవారి మాటలో చెప్పాలంటే తెగిన పడుగును ముడివేయక ముందే మళ్ళీ నేత సాగించినట్టు.

టెన్నిస్ ఆటగాళ్ళలో దీనికి ప్రధాన కారణం ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. నేర్చినవాడు భుజాన్నీ నడుమునూ తిప్పి, బంతిని ఒంటికి ముందుగానే అందుకొంటాడు. మణికట్టు గట్టిగా నిలిచి ఉంటుంది. కొత్తవాడు ఆలస్యంగా, మణికట్టు వంచి కొడతాడు. బంతి వేగమంతా ఆ చిన్న స్నాయువు మీద పడుతుంది. కనుకనే ఇది ఛాంపియన్లకన్న వారాంతంలో ఆడే నడివయసువారిని ఎక్కువగా బాధిస్తుంది. 1970లలో క్రిస్ ఎవర్ట్, జిమ్మీ కానర్స్, బ్యోర్న్ బోర్గ్ రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌కు ప్రాచుర్యం తెచ్చారు. రెండవ చేయి భారాన్ని పంచుకోవటంతో మోచేతికి కొంత ఊరట కలిగింది. 1976లో హోవర్డ్ హెడ్ రూపొందించిన పెద్ద తల ప్రిన్స్ రాకెట్ వచ్చింది. బంతి నడిమధ్యన తగలకపోయినా రాకెట్ చేతిలో మునుపటంత మెలితిరిగేది కాదు. అయితే 1997లో గుస్తావో కుర్టెన్ పాలియెస్టర్ తీగలతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక అందరూ వాటి వెంట పడ్డారు. అవి బిరుసైనవి, దెబ్బ అదురును చేతికి ఎక్కువగా పంపుతాయి. ఛాంపియన్ చేతికి నప్పినది మనబోటివారి చేతికి నప్పనక్కరలేదు. ఇక మనదేశంలో ఈ జబ్బు పేరు ఇంటింటికీ తెలిసింది 2004లో, అదీ క్రికెట్టు వల్ల. సచిన్ టెండూల్కర్‌కు అది వచ్చి, 2005లో శస్త్రచికిత్స దాకా వెళ్ళింది.

ఇప్పుడు ధర్మవరం వద్దాం. జాన్ కే 1733లో కనిపెట్టిన పద్ధతిలో నాడెను చేత్తో విసరనక్కరలేదు. తాడు పిడి పట్టి కుదుపుగా లాగితే అదే ఇవతలి నుంచి అవతలికి పరుగెడుతుంది. గుంటమగ్గం ముందు కూర్చున్న నేతగాని కుడిచేతిని నేను చాలాసేపు గమనించాను. పిడికిలి బిగింపు, మణికట్టు విసురు, మళ్ళీ బిగింపు. బ్యాక్‌హ్యాండులో పనిచేసే కండరాలకే ఇక్కడా పని. తేడా ఏమిటంటే, ఆటగాడు సెట్టుకూ సెట్టుకూ మధ్య కూర్చుంటాడు. చీర దిగితేగాని నేతగానికి కూలి లేదు. హిందూపురంలో పట్టుగూళ్ళు కొని దారం తీయించేవారి నుంచి పెళ్ళిపీటల మీది చీరదాకా సాగే ఆ గొలుసంతా ఒక మోచేతి మీద ఆధారపడి ఉంది. ఆ మోచేయి నొచ్చితే ఇల్లు నొచ్చినట్టే. దానికి మన భాషలో వేరే పేరు కూడా లేదు. "వయసు మీదపడింది" అని సరిపెట్టుకొంటారు.

నివారణ విషయానికి వస్తే, ఇక్కడ పెనుకొండ జ్ఞాపకం రాక తప్పదు. 1565 యుద్ధం తరువాత రాజధానిగా మారిన ఈ ఊరు అంతకుముందే రాయల విడిది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కృష్ణరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు వేకువనే ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తి, ఆ పైన కత్తిసాము, కుస్తీ, చివరకు గుర్రపుస్వారీ చేసేవాడట. కత్తి పట్టే చేతికి ముందుగా బరువు అలవాటు చేయటంలోని వివేకాన్ని నేటి క్రీడావైద్యం కూడా ఒప్పుకొంటుంది. స్నాయువు విశ్రాంతితో మాత్రమే బలపడదు. క్రమంగా పెంచిన బరువుతో బలపడుతుంది.

ఆచరించదగినవి ఇవి. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, అరలీటరు నీళ్ళసీసా పట్టుకోవాలి. రెండవ చేతి సాయంతో మణికట్టును పైకెత్తి, సాయం వదిలి మెల్లగా దించాలి. లాభమంతా ఆ దించటంలోనే ఉంది. ఆడేవారు తీగల బిగువు తగ్గించుకోవాలి, మెత్తని తీగలు వాడాలి, తడిసి బరువెక్కిన బంతులతో ఆడరాదు, ఆటసమయాన్ని వారంవారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. రాకెట్ పిడి లావును గురించి పూర్వం కచ్చితమైన నియమాలు చెప్పేవారు. కాని 2006లో వెలువడిన ఒక అమెరికను పరిశీలనలో పావు అంగుళం అటూ ఇటూ మార్చినా ముంజేతి కండరాల శ్రమలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పిడి కొలతకన్న పట్టు బిగింపు తగ్గించుకోవటం మీద దృష్టి పెట్టటం మేలు.

నొప్పి వచ్చాక చాలామంది స్టెరాయిడ్ సూది కోరుకొంటారు. 2006లో ఆస్ట్రేలియాలో 198 మందిపై జరిగిన అధ్యయనంలో ఆరు వారాలకు సూదిమందే గెలిచింది. ఏడాది తిరిగేసరికి మాత్రం వ్యాయామం చేసినవారూ, ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారూ కూడా సూది వేయించుకొన్నవారికన్న మెరుగ్గా ఉన్నారు. చాలామందికి ఈ నొప్పి ఏడాది, ఏడాదిన్నరలో దానంతట అదే తగ్గుతుంది. కాని రెక్కాడితేగాని డొక్కాడనివారికి ఏడాది అంటే సామాన్యమా? వారికి చికిత్సకన్న నివారణే ముఖ్యం. గంటకొకసారి మగ్గం ఆపి చేయి చాపుకోవటం, వీలైతే చేయి మార్చటం ఖర్చులేని పనులు. వేళ్ళలో తిమ్మిరి, మెడ నుంచి దిగే నొప్పి ఉంటే మాత్రం అది వేరే బాధ కావచ్చు, వైద్యుని చూడవలసిందే.

2010 అక్టోబరులో నాదల్ ఫౌండేషన్, ఆర్.డి.టి. కలిసి పొరుగునున్న అనంతపురంలో పేదపిల్లల కోసం టెన్నిస్ పాఠశాల ప్రారంభించాయి. నూటముప్పైయేళ్ళ కిందట పచ్చికబయళ్ళ దొరలకే పరిమితమైన ఆట రాయలసీమ ఎర్రనేలకు దిగివచ్చింది. ఆటతోపాటు పెరిగిన ఆ జ్ఞానం కూడా మరికొంత దక్షిణానికి నడచి, ధర్మవరం మగ్గం గుంటల్లోకి దిగాలని నా ఆశ.

రాసేవారి చేతుల్లో మొదట కనబడిన జబ్బు ఇది. కీబోర్డు ముందు రాత్రులు గడిపే మిత్రులకూ వర్తిస్తుంది. చివరగా ఒక విన్నపం. మీ ఇళ్ళలో, ఊళ్ళలో నేతపని ఎరిగిన పెద్దలు ఈ నొప్పిని ఏ మాటతో పిలిచేవారో తెలిస్తే దయచేసి తెలియజేయండి. ఆ మాట దొరికితే ఈ వ్యాసం శీర్షికను సంతోషంగా మారుస్తాను.