మన బడి పిల్లలు ఎవరి పిల్లలు?

పూర్వ విద్యార్థుల సంఘం సమావేశం ఎప్పుడు జరిగినా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "మన కాలంలో బడి కిటకిటలాడేది. ఇప్పుడు పిల్లలేరీ?" అని. ఆ ప్రశ్నకు కుషాయిగూడ, కాప్రా, చర్లపల్లి ప్రాంతాల చరిత్రలోనే జవాబుంది. పిల్లలు లేకపోలేదు, కుటుంబాలు మారాయి.

మొదట ఇవి పల్లెలు. బడికి వచ్చేది రైతుల పిల్లలు, గొల్ల, గౌడ కుటుంబాల పిల్లలు. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ ఏర్పడింది. 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. తర్వాత చర్లపల్లి పారిశ్రామికవాడ పెరిగింది. కోస్తా జిల్లాల నుంచి, నల్గొండ, వరంగల్ వైపు నుంచి, తమిళ, మలయాళ ప్రాంతాల నుంచి ఉద్యోగస్థులు వచ్చి స్థిరపడ్డారు. మా నాన్నగారు కూడా అలా గుంటూరు జిల్లా నుంచి వచ్చినవారే. మా తరగతిలో "వస్తుండు" అనేవాడూ "వస్తున్నాడు" అనేవాడూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఒకరి మాట ఒకరికి వింతగా ఉన్న రోజులు ఎక్కువకాలం నిలవలేదు.

అయితే ఎంతమంది వచ్చారన్నదాని కంటే ఏ వయసులో వచ్చారన్నది ముఖ్యం. కొత్త కర్మాగారం ఒక్కసారిగా వందలమందిని తీసుకున్నప్పుడు వారిలో ఎక్కువమంది పాతికేళ్ళ అటూఇటూ వాళ్ళే. వాళ్ళ పెళ్ళిళ్ళు ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి, పిల్లలూ ఒకే కాలంలో పుట్టారు. 1980లలో మన తరగతి గదులు నిండిపోవడానికి మన గురువుల పేరుప్రతిష్ఠలు ఒక కారణమైతే, కాలనీల వయసు మరొక కారణం.

ఆ లెక్క తిరగబడడమూ అంతే సహజం. 1972లో పాతికేళ్ళకు ఉద్యోగంలో చేరిన మనిషి 2007లో అరవయ్యో ఏట విరమణ పొందుతాడు. ఆ నాటికి ఆయన పిల్లలు బడి వదిలి చాలా ఏళ్ళయి ఉంటుంది. కుటుంబాలూ చిన్నవయ్యాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21లో తెలంగాణలో అది 1.8. పైగా 1998లో సైబర్ టవర్స్ మాదాపూర్‌లో, అంటే మనకు నగరం అవతలి కొసన, మొదలైంది. చదువుకున్నవాళ్ళు కొండాపూర్ వైపూ అమెరికాకూ వెళ్ళారు. ఈసీఐఎల్ వ్యవస్థాపకులు డాక్టర్ ఎ.ఎస్. రావుగారి పేరుతో వెలసిన నగర్‌లో ఇప్పుడు ఎన్నో ఇళ్ళలో తాత, నాయనమ్మ మాత్రమే ఉంటారు. మనవలు సెలవులకు వస్తారు. ఇక్కడే మిగిలినవారి పిల్లలు ప్రైవేటు బడి బస్సులెక్కారు.

మరి బడి ఎందుకు మూతపడలేదు? 2007లో కాప్రా మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. విడి ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టడం ఎక్కువైంది. ప్రతి అపార్టుమెంటుకూ ఒక వాచ్‌మన్ కుటుంబం కావాలి, కట్టేటప్పుడు కూలీలు కావాలి, చర్లపల్లి షెడ్లలో పనివాళ్ళు కావాలి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినవారి పిల్లలే ఇప్పుడు మన బడిలో కూర్చుంటున్నారు. ఇంట్లో ఒడియా, హిందీ, బడిలో తెలుగు, ఇంగ్లీషు. మనం రెండు యాసలతో నెట్టుకొచ్చిన చోట వీళ్ళు నాలుగు భాషలతో నెట్టుకొస్తున్నారు.

వీళ్ళకూ మనకూ పోలిక ఒకటుంది, తేడా ఒకటుంది. మన తల్లిదండ్రులూ పొట్ట చేతబట్టుకుని వచ్చినవారే. కాని వాళ్ళవి పర్మినెంటు ఉద్యోగాలు. అందుకే ఒకటో తరగతిలో చేరినవాడు పది ఇక్కడే పాసయ్యాడు. ఇప్పుడు స్లాబు పడి, రంగులు వేసి, పని ముగిశాక కుటుంబం మరో చోటికి కదులుతుంది. పిల్ల దసరా తర్వాత చేరి, వేసవికి ముందే వెళ్ళిపోవచ్చు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలను ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. టీసీ లేదని ఆపకూడదు. ఏ ఒక్క రోజు హాజరు చూసినా బడి చిన్నదిగానే కనిపిస్తుంది. ఏడాది పొడుగునా వచ్చి వెళ్ళిన పిల్లలందరినీ లెక్కిస్తేనే మన ఉపాధ్యాయులు ఎంతమందికి చదువు చెబుతున్నారో తెలుస్తుంది.

అందుకే ఈ స్వర్ణోత్సవ వేళ సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన సభ్యత్వం పదో తరగతి బ్యాచ్‌ల ప్రకారం సాగుతోంది. ఆ పద్ధతిలో ఆరు నెలలు చదివి వెళ్ళిన పిల్లలు ఎప్పటికీ పూర్వ విద్యార్థులు కాలేరు. అడ్మిషన్ రిజిస్టరులో పేరెక్కిన ప్రతి ఒక్కరికీ సభ్యత్వం ఇద్దాం. కాలనీ పిల్లలు రావడానికి ముందు ఈ బెంచీలు పల్లె పిల్లలవి. వాళ్ళు జరిగి మనకు చోటిచ్చారు.