వన్స్ మోర్ పద్యాలు

చలిగా ఉంది, మంట దగ్గరకి జరగండర్రా. ఇందాక మనవడు ఫోనులో ఓ అమెరికా పాటగాడి పాట వినిపించాడు. జానీ కాష్ అట. 1968 జనవరిలో కాలిఫోర్నియాలో ఫోల్సమ్ అనే జైలుకి వెళ్ళి, ఖైదీల ముందు నిలబడి పాడితే, అక్కడే రికార్డు చేసి అమ్మారట. పాటలో మాటలు నాకు అందలేదు గానీ ఖైదీల కేకలు, ఈలలు మాత్రం బాగా అర్థమయ్యాయి. మన యానాం నాటకాల పందిట్లోనూ జనం అలాగే కేకలు వేసేవారు.

1954లో ఫ్రెంచి వాళ్ళు వెళ్ళేసరికి నేను పలక పట్టుకున్న పిల్లాణ్ణి. ఆ తర్వాత నవమి పందిళ్ళు, తీర్థాలు, ఎక్కడ నాటకం అంటే అక్కడికే. పొద్దుగూకకముందే చాపలు, గోనెపట్టాలు పట్టుకెళ్ళి చోటు కాసుకోవాలి. ఎదుర్లంక వంతెన 2002లో కదా వచ్చింది, అప్పట్లో గోదావరి అవతల వాళ్ళంతా పడవల మీదే వచ్చేవారు. రాత్రి పదింటికి తెర లేస్తే కోడి కూసేదాకా ఆట. తెల్లారి మొదటి పడవ ఎక్కి, రాత్రి విన్న పద్యాలే పాడుకుంటూ వెళ్ళేవారు. పొలం పని చేసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, బడి మొహం చూడనివాళ్ళు కూడా అక్షరం పొల్లుపోకుండా పాడేవారు.

కృష్ణ రాయబారం నాటకానికి ఒక్క కృష్ణుడు చాలడు. పడక సీనుకి ఒకాయన, రాయబారం సీనుకి ఇంకొకాయన. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కాగితాల మీదే అచ్చు వేసేవారు. అన్ని పద్యాలు రాత్రంతా ఒక్క గొంతు మోయలేదు. పైగా ఇద్దరుంటే ఎవరు బాగా పాడారో తేల్చుకోవడానికి జనానికి వారం రోజుల పని.

ఆ పద్యాలు రాసింది తిరుపతి వేంకట కవులు. వాళ్ళిద్దరిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1870లో కడియంలో పుట్టారు, చదువుకునే వయసులో ఉన్నది మన యానాంలోనే. ఫ్రెంచి జెండా కింద ఈ వీధుల్లో తిరిగిన కుర్రాడే తర్వాత శతావధానాలు చేసి, 1949లో ఆస్థానకవి అయ్యాడు. ఆ పద్యాలున్న పాండవోద్యోగ విజయాలు ఎక్కడ ఆడినా అందులో యానాం కుర్రాడి పాలు సగం ఉందన్నమాట. అది మీరు మరిచిపోకూడదు.

పద్యం పాడడం ఎలా ఉండేదో చెబుతా వినండి. హార్మోనియం ఆయన స్టేజీ పక్కన కూచుంటాడు. కృష్ణుడు పద్యం ఎత్తుకునే ముందు ఆయన వైపు ఓ చూపు విసురుతాడు. శ్రుతి అందుతుంది. మొదటి మూడు పాదాలూ మాట్లాడినట్టు, మాట విరిచి మాట చెప్పినట్టు సాగిపోతాయి. నాలుగో పాదం చివర రాగం అందుకున్నాడా, ఇక చూడాలి. పెట్రోమాక్సు వెలుగులో మెడ మీద నరం తేలేది, చెమటకి నీలం రంగు చారలు కట్టేది, కిరీటం పూసలు వణికేవి. పాడేవాడు ఊపిరి తీసుకునేదాకా మాకూ ఊపిరి ఆడేది కాదు. రాగం దిగీ దిగకముందే వెనకనుంచి లేచేది, వన్స్ మోర్! ఒకడు అంటే పందిరంతా అనేది. ఆయన మళ్ళీ పాడేవాడు. మొదట పాడినట్టు పాడితే ఆయన గొప్పేముంది? ఈసారి రాగం ఇంకో దారిన పోయి వచ్చేది. అంతసేపూ ఎదురుగా దుర్యోధనుడు మీసం మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడి ఉండేవాడు. ఈ లోపు ఎవరో రెండు రూపాయలు చదివింపు ఇచ్చారని మైకులో చెప్పేవారు. కథ ఆగింది కదా అని ఒక్కరూ విసుక్కునేవారు కాదు. కథ అందరికీ తెలిసిందే, వచ్చింది గొంతు కోసం.

పెద్ద నటుల్లో నాకు పీసపాటి నరసింహమూర్తి గారి దారి ఇష్టం. ఆయన రాగం తగ్గించి మాటకి ప్రాణం పోశారు. పద్యం పాడుతున్నట్టు ఉండదు, కృష్ణుడే ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కల్యాణం రఘురామయ్య గారిది వేరే విద్య. నోట్లో వేలు పెట్టుకుని ఈల వేస్తే అందులో రాగం మొత్తం పలికేది. అందుకే ఈలపాట అన్న మాట ఆయన ఇంటిపేరైపోయింది. మన కాకినాడ కూడా తక్కువది కాదు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి సినిమాలకి వెళ్ళకముందు అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టినవాళ్ళే.

కాస్త పెద్దయ్యాక మైకుసెట్టు ఆయన దగ్గర పనికి కుదిరాను. కొబ్బరిచెట్టుకి బూర కట్టడం, సూది మార్చడం, రికార్డు తిప్పి వెయ్యడం నా పని. పాత ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలే. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఘంటసాల గొంతులో వేస్తే పెళ్ళిపందిట్లో వడ్డించేవాళ్ళు కూడా గరిటె పట్టుకుని ఆగిపోయేవారు. తర్వాత పెద్ద ప్లేట్లు వచ్చాయి. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర కాటి సీను వెయ్యని ఊరు ఉండేదా? నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, అందులో పాడే శ్మశానం పద్యాలు జాషువా గారివి. అర్ధరాత్రి బూరలోంచి ఆ గొంతు వస్తుంటే ఊరు ఊరంతా ఆ కాట్లోనే ఉన్నట్టుండేది.

ప్లేటు గొప్పది, కాదనను. నాటకం రాని పల్లెకి కూడా ఆ గొంతుని మోసుకెళ్ళింది. కానీ అందులో జనం లేరు. మూడు నిమిషాల్లో ఇమడాలి కాబట్టి రాగం కుదించేవారు. వన్స్ మోర్ అంటే నేనే సూది ఎత్తి మొదటికి పెట్టాలి. వెయ్యిసార్లు వేసినా రాగం అదే దారిన పోతుంది.

కేసెట్లు వచ్చాక, 1980ల్లో, ఓ నాటకానికి టేపురికార్డరు పట్టుకెళ్ళి స్టేజీ కింద పెట్టాను. పాడింది పేరున్నవాళ్ళు కారు, మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఆ టేపులో పద్యం ఉంది, చంటిపిల్ల ఏడుపు ఉంది, చదివింపు పిలుపు ఉంది. వన్స్ మోర్ అని అందరికంటే ముందు అరిచింది మా అన్నయ్య. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

ఆ కేసెట్టు బీరువాలో చీరల కింద ఉంది. బూజు పట్టకముందే, మనవడా, రేపు కాకినాడ పట్టుకెళ్ళి పెన్‌డ్రైవులోకి ఎక్కించుకురా. అక్కడ ఎక్కించే కుర్రాడు గోలంతా తీసేసి పద్యాలు శుభ్రంగా ఇస్తానంటాడు. వద్దని చెప్పు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించమను.