కూరగాయల సాగులో బయోచార్, జీవన ఎరువులు

పత్తి, కంది కట్టెను పొలంలోనే తగులబెట్టడం తెలుగు రాష్ట్రాల్లో నేటికీ కనిపిస్తుంది. అదే కట్టెను గాలి అంతగా సోకకుండా మూసి కాల్చితే బూడిదకు బదులు బొగ్గు మిగులుతుంది. నేలలో కలిపేందుకు ఇలా తయారుచేసిన బొగ్గే బయోచార్. ఇందుకు నూనె డ్రమ్ముతో సరళమైన బట్టీని హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) రూపొందించింది.

బయోచార్‌ను ఎరువుగా భావించడం పొరపాటు. దాని సూక్ష్మ రంధ్రాలు నీటిని, పోషకాలను పట్టి ఉంచుతాయి. మేలు చేసే సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తాయి. తేమ నిలకడగా అందితే టమాటాలో కాయ పగుళ్లు, అడుగు కుళ్లు తగ్గుతాయి. అయితే ఈ గుణమే మొదట్లో నష్టం చేయవచ్చు. తాజా బొగ్గును నేరుగా వేస్తే అది నేలలోని నత్రజనిని పట్టి ఉంచుతుంది. మొక్కలు పసుపుబారే అవకాశముంది. అందువల్ల పొడిచేసిన బొగ్గును పశువుల ఎరువుతో కలిపి, తడిపి, కొన్ని వారాలు నీడలో మాగనివ్వాలి.

జీవన ఎరువులను కలపవలసింది ఆ తరువాతే. అజోస్పైరిల్లం గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. ఫాస్ఫో బ్యాక్టీరియా నేలలో కరగని భాస్వరాన్ని కరిగిస్తుంది. చిక్కుడు జాతికి రైజోబియం తగినది. వీటిని రసాయనిక ఎరువులతో కలపరాదు. పొడి రూపంలోని వాటిలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలుండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిర్దేశిస్తోంది. దుకాణంలో ఎండకు మాగిన ప్యాకెట్‌లో అన్ని మిగలవు. గడువు తేదీతోపాటు నిల్వ తీరునూ గమనించాలి.

బయోచార్ సాధారణంగా క్షార స్వభావం కలది. ఆమ్ల నేలలకు ఇది మేలు. ఉదజని సూచిక ఇప్పటికే 8 దాటిన పొలంలో భూసార పరీక్ష, నిపుణుల సలహా లేకుండా వేయరాదు.